ఎక్కడ ఏ జబ్బు ప్రబలుతోందో ఇంటి నుంచే గమనించడం ఎలా: సమగ్ర మార్గదర్శి

2006లో రాయలసీమలో ఏ వీధికి వెళ్లినా గోడ పట్టుకుని నడిచేవాళ్లే కనిపించేవారు. మా అవ్వ ఆర్నెల్ల పాటు నీళ్ల చెంబు కూడా ఎత్తలేకపోయింది. జబ్బు పేరు చికున్‌గున్యా అని తెలిసింది కానీ, ఎక్కడినుంచి వచ్చిందో మాలో ఎవరికీ తెలియదు. పేరులో ‘చికెన్’ వినబడిందని కోడికూర మానేసిన ఇళ్లున్నాయి.

చాలా ఏళ్ల తర్వాత ఆ జబ్బు నడిచిన దారి చదివాను. 2004లో కెన్యా తీరంలోని లాము దీవిలో మొదలైంది. అక్కడినుంచి మొంబాసాకు, 2005లో కొమొరోస్ దీవులకు, ఆపైన రీయూనియన్ దీవికి పాకింది. రీయూనియన్‌లో జనాభాలో మూడోవంతు, అంటే సుమారు 2,66,000 మంది మంచాన పడ్డారు. 2005 చివర్లో మన ఆంధ్రప్రదేశ్‌లో కనిపించింది. 2006లో దేశమంతటా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు. ఇక్కడ దొరికిన వైరస్ ఆఫ్రికా రకమేనని జన్యు పరీక్షల్లో తేలింది. ఆ పేరు కూడా టాంజానియా, మొజాంబిక్ సరిహద్దుల్లోని మకొండే భాషది. ఒంగిపోయేలా చేసేది అని అర్థం.

లాము నుంచి మన దాకా రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో ఎవరైనా చూస్తూ ఉంటే కనిపించేదే. చూడటం ఎలాగో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. దీనికి వైద్యం చదివి ఉండక్కర్లేదు. ఒక ఫోను, ఒక నోటుపుస్తకం, వారానికి ఒక గంట చాలు.

ముందు నోటుపుస్తకం

వెబ్‌సైట్ల పేర్లు ముందు చెప్పమంటారు అందరూ. నేను మాత్రం పుస్తకం గురించే ముందు చెబుతాను. రాసుకోకుండా చదివితే వారం తిరిగేసరికి భయం ఒక్కటే మిగులుతుంది, వివరం పోతుంది.

ఒక్కో సంఘటనకు ఒక పేజీ ఇవ్వండి. పేజీలో నిలువు గీతలు గీసి ఈ వివరాలు రాయండి: జబ్బు మొదలైన తేదీ, ఆ కబురు బయటికొచ్చిన తేదీ, ఊరు లేదా జిల్లా, చెప్పింది ఎవరు, అనుమానిత కేసులు, నిర్ధారిత కేసులు, మరణాలు. చివర్లో ‘ఇంకా తేలనిది’ అని ఒక గడి.

తేదీలు రెండు ఎందుకంటే, ఏ దేశంలోనైనా జబ్బు మొదలవడానికీ లోకానికి తెలియడానికీ మధ్య ఎడం ఉంటుంది. ఆ ఎడం మూడు రోజులా, మూడు నెలలా అన్నదాన్నిబట్టి అక్కడి నిఘా ఎంత గట్టిదో అర్థమవుతుంది. ఊపిరితిత్తులను దెబ్బతీసే సార్స్ జబ్బు చైనాలోని గువాంగ్‌డాంగ్‌లో 2002 నవంబరులో మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు 305 కేసులు, 5 మరణాలు అని లెక్క అందింది 2003 ఫిబ్రవరి 11న. ఆ రెండు తేదీలు పక్కపక్కన రాస్తే ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

లోకంలోని జబ్బులన్నీ ఒకేసారి గమనించాలనుకోకండి, రెండు వారాల్లో అలసిపోతారు. మీకు సంబంధం ఉన్నవి మూడో నాలుగో ఎంచుకోండి. అన్నయ్య రియాద్‌లో ఉంటే మెర్స్: 2012లో సౌదీలో బయటపడిన జబ్బు, ఒంటెల నుంచి మనుషులకు వస్తుంది, సోకినట్టు తేలినవారిలో మూడోవంతుకు పైగా చనిపోయారు. కోళ్ల ఫారం ఉంటే బర్డ్ ఫ్లూ. కేరళకు రాకపోకలుంటే నిపా. మిగతావి పైపైన చూస్తే సరిపోతుంది.

మూడు మాటలు తేడాగా చదవడం

‘అనుమానిత’ అంటే లక్షణాలు కలిశాయి, పరీక్ష కాలేదు. ‘సంభావ్య’ అంటే లక్షణాలతో పాటు నిర్ధారిత రోగితో సంబంధం కూడా ఉంది. చాలాసార్లు పరీక్ష చేసేలోపే చనిపోయినవాళ్లు ఈ లెక్కలోకి వస్తారు. ‘నిర్ధారిత’ అంటే ప్రయోగశాల తేల్చింది. వార్తల్లో ఈ మూడూ కలిపేసి ‘కేసులు’ అంటారు. మీరు మాత్రం మూడూ ఒకే గడిలో రాయకండి.

ఇంకొక మాట ‘అంతర్జాతీయ ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి’. 2007 జూన్ 15న అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం, అలాంటి ప్రమాదం ఉండొచ్చని అంచనాకొచ్చిన 24 గంటల్లో ఏ దేశమైనా ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలపాలి. నిపుణుల కమిటీ సలహా విని ఆ సంస్థ అధిపతి అత్యవసర పరిస్థితి ప్రకటిస్తారు. 2009లో స్వైన్ ఫ్లూ, 2014లో పోలియో, ఎబోలా, 2016లో జికా, 2019లో మళ్లీ ఎబోలా, 2020 జనవరి 30న కోవిడ్, 2022లోనూ 2024లోనూ ఎంపాక్స్ (మంకీపాక్స్) ఇలా ప్రకటించినవే. కోవిడ్ విషయంలో ‘మహమ్మారి’ అన్న మాట మార్చి 11న వచ్చింది, లోకం అప్పుడు ఉలిక్కిపడింది. అసలు గంట మాత్రం జనవరి 30నే మోగింది.

వారం వారం చదవాల్సినవి

మొదటిది ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘డిసీజ్ ఔట్‌బ్రేక్ న్యూస్’. 1996 నుంచి వస్తోంది. పైన సారాంశం ఉంటుంది. అక్కడే ఆగిపోకండి. కిందికి దిగి ‘ప్రమాద అంచనా’ భాగం చదవండి. అందులో దేశానికి, ఆ ప్రాంతానికి, ప్రపంచానికి ప్రమాదం ఎంతో విడివిడిగా చెబుతారు. దేశానికి ‘ఎక్కువ’, ప్రపంచానికి ‘తక్కువ’ అని ఉండటం మామూలే. టీవీలో మొదటి ముక్క ఒక్కటే వినిపిస్తుంది.

రెండోది ఐరోపా వ్యాధి నివారణ కేంద్రం నివేదిక. స్టాక్‌హోమ్ నుంచి ప్రతి శుక్రవారం వస్తుంది. ఐరోపా పేరు చూసి వదిలేయకండి. డెంగీ, చికున్‌గున్యా, కలరా, మెర్స్, బర్డ్ ఫ్లూ ప్రపంచమంతటా ఎలా ఉన్నాయో అందులో పటాలతో సహా ఉంటుంది. వారానికి ఒక్కటే చదవగలను అనేవాళ్లకు నేను చూపించేది ఇదే.

ఆఫ్రికా సంగతులకు అడిస్ అబాబాలోని ఆఫ్రికా వ్యాధి నివారణ కేంద్రం, అమెరికా ఖండాలకు పాన్ అమెరికన్ ఆరోగ్య సంస్థ. అమెరికా వ్యాధి నివారణ కేంద్రం వారపత్రిక చరిత్ర గొప్పది. 1981 జూన్ 5న లాస్ ఏంజిలిస్‌లో అయిదుగురు యువకులకు వచ్చిన అరుదైన న్యుమోనియా గురించి అందులో చిన్న నివేదిక పడింది. ఎయిడ్స్ గురించి లోకానికి అందిన తొలి కబురు అది. అయితే 2025 జనవరిలో ప్రభుత్వం మారగానే ఆ పత్రిక ఆగిపోయింది, కొన్ని వారాలకు గానీ మళ్లీ రాలేదు. ఒక్క వనరు మీదే ఆధారపడకూడదని నేనంటున్నది ఇలాంటి వాటిని చూసే.

వారం సంఖ్యల దగ్గర కొంచెం జాగ్రత్త. అమెరికా వారం ఆదివారంతో మొదలవుతుంది, మనదీ ప్రపంచ ఆరోగ్య సంస్థదీ సోమవారంతో. రెండు నివేదికలు పక్కన పెట్టి ‘23వ వారం’ అని పోల్చేముందు తేదీలు చూడండి.

అధికారులు చెప్పకముందే వినిపించేవి

2019 డిసెంబరు 30 రాత్రి ‘ప్రోమెడ్’ అనే సేవ ఒక సందేశం పంపింది. చైనాలో హూబే రాష్ట్రం, కారణం తెలియని న్యుమోనియా, వివరాలు తెలిసినవారు చెప్పండి, అన్నది దాని సారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వార్తల్లో వూహాన్ పేరు వచ్చింది జనవరి 5న, 44 కేసులతో. 2003లో సార్స్ గుసగుసను ఫిబ్రవరి 10న బయటపెట్టిందీ ప్రోమెడే. గువాంగ్‌జౌలో ఆసుపత్రులు మూసేశారని, మనుషులు చనిపోతున్నారని ఎవరో చెప్పగా విన్న ఒక డాక్టరు, ఇది నిజమేనా అని అడిగిన ప్రశ్న అది. 1994లో మొదలైన ఈ సేవలో నిపుణులు కూర్చుని ప్రతి కబురూ చదివి, కింద తమ వ్యాఖ్య రాస్తారు. నాకు అన్నిటికంటే విలువైనది ఆ వ్యాఖ్యే. ‘ఈ లక్షణాలు ఫలానా జబ్బువి కావొచ్చు, ఫలానా పరీక్ష చేశారా?’ అని వాళ్లు అడిగే తీరు చూస్తూ ఉంటే మనకూ ఎలా అడగాలో తెలుస్తుంది. 2023లో ప్రోమెడ్ డబ్బు ఇబ్బందుల్లో పడింది. ఇలాంటివి నిలబడాలని మనసారా కోరుకుంటాను.

పటం మీద చూడాలనుకుంటే బోస్టన్ పిల్లల ఆసుపత్రి వాళ్ల ‘హెల్త్‌మ్యాప్’ ఉంది. 2006 నుంచి నడుస్తోంది, వార్తలను యంత్రమే ఏరి పటంలో పెడుతుంది. చుక్క ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, వార్త ఉన్నట్టు. వెతుకులాటలను లెక్కించి ఫ్లూను కనిపెడతానన్న గూగుల్ పథకం 2008లో గొప్పగా మొదలై, 2012-13 చలికాలంలో ఫ్లూను అసలు కంటే దాదాపు రెట్టింపు చూపించి, 2015లో మూతపడింది.

స్థానిక పత్రికల్లో వెతికేటప్పుడు అక్కడి మాటతో వెతకాలి. కాంగోకు ఫ్రెంచ్‌లో ‘మలాడీ అంకోన్యూ’, అంటే తెలియని జబ్బు. లాటిన్ అమెరికాలో స్పానిష్ మాట ‘బ్రోతె’, బ్రెజిల్‌లో ‘సుర్తు’. దొరికినదాన్ని ఫోనులోని అనువాదంతో చదవొచ్చు. కాంగో కబుర్లకు రేడియో ఒకాపి నాకు చాలాసార్లు పనికొచ్చింది.

ప్రభుత్వం కాదన్నంత మాత్రాన పేజీ చింపేయకండి. 2025 జనవరి 14న టాంజానియాలోని కగేరాలో, ఎబోలా లాంటిదే అయిన మార్బర్గ్ జ్వరం అనుమానం ఉందని, 9 మందికి వచ్చి 8 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నమూనాల్లో ఏమీ లేదని టాంజానియా ఖండించింది. జనవరి 20న ఆ దేశ అధ్యక్షురాలే జబ్బు ఉందని ప్రకటించారు. ఆ వారంలో నా పుస్తకంలో ‘ఇంకా తేలనిది’ అన్న గడి నిండిపోయింది.

మన దేశం, మన జిల్లా

ఊళ్లో ఏఎన్ఎం, ఆశా కార్యకర్త చూసిన లక్షణాలు, ఆసుపత్రిలో డాక్టరు అనుమానం, ప్రయోగశాల ఫలితం ఈ మూడూ వేర్వేరు ఫారాల్లో పైకి వెళ్తాయి. దాన్నే ఐడీఎస్‌పీ, అంటే సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం అంటారు. 2004లో మొదలైంది, ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం నడుపుతుంది. ఇప్పుడు అదంతా ఆన్‌లైన్ వేదికకు మారింది. వారపు ప్రబలింత నివేదికలో రాష్ట్రం, జిల్లా, జబ్బు, కేసులు, మరణాలు, మొదలైన తేదీ, తెలియజేసిన తేదీ ఉంటాయి. చూశారా, రెండు తేదీలు! మన నోటుపుస్తకం లాంటిదే. ఆలస్యంగా బయటికొస్తుంది, అదొక్కటే బాధ. తాజా కబురుకు కాదు, మన జిల్లాలో ఏ నెలలో ఏ జబ్బు వస్తుందో తెలుసుకోవడానికి పాత నివేదికలు తిరగేయండి.

తాజా కబురు మన పత్రికల జిల్లా పేజీల్లో ఉంటుంది. ‘విషజ్వరాలు’, ‘మంచం పట్టిన తండా’, ‘ప్రబలిన అతిసారం’ అన్న శీర్షికలు కనిపిస్తే ఆగి చదవండి. విషజ్వరం అనే జబ్బు ఏదీ లేదు. డెంగీ, మలేరియా, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ ఏదైనా కావొచ్చు. పరీక్ష జరిగిందా, తాగే నీళ్లు ఎక్కడివి, పైపు కాలువలోంచి పోతోందా అన్నది కథనంలో ఉందేమో చూడండి. మరణాల లెక్కలో ఊరివాళ్ల మాటకూ అధికారుల మాటకూ పొంతన ఉండకపోవచ్చు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం వచ్చినప్పుడు అదే జరిగింది. రెండు లెక్కలూ రాసుకోండి, ఎవరు చెప్పారో పక్కన పెట్టి.

ప్రబలిందల్లా అంటువ్యాధి అనుకోకూడదని ఏలూరు నేర్పింది. 2020 డిసెంబరులో వన్‌టౌన్ ప్రాంతంలో ఉన్నట్టుండి జనం ఫిట్స్‌తో పడిపోసాగారు. కోవిడ్ కాలం కావడంతో కొత్త వైరస్సే అనుకున్నారు. కొద్ది రోజుల్లో 600 మందికి పైగా ఆసుపత్రికొచ్చారు. అయినా జబ్బు మనిషి నుంచి మనిషికి అంటలేదు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాల మీద కూడా అనుమానం నిలిచింది.

కోళ్లు, పశువులు, మురుగునీళ్లు

కొత్త జబ్బులు చాలావరకు జంతువుల నుంచే మనకొస్తాయి కాబట్టి పారిస్‌లోని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ నివేదికలూ చూడాలి. 2024 మార్చిలో అమెరికాలో పాడి ఆవుల్లో బర్డ్ ఫ్లూ వైరస్ దొరికింది, అంతకుముందు ఎవరూ ఊహించని సంగతి అది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలకు వచ్చినప్పుడు నమూనాలు భోపాల్‌లోని కేంద్ర ప్రయోగశాలకు వెళ్లాయి. అక్కడ తేలాక, ఫారం చుట్టూ కిలోమీటరు లోపల కోళ్లను చంపి పూడుస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. మీ ఊరు ఏ వలయంలో ఉందో చూసుకోవడం ఎలాగో ఫారాలున్నవాళ్లు తప్పక నేర్చుకోవాలి.

మురుగునీళ్లు ఎవరి మొహమాటమూ పడవు. 2020 ఆగస్టులో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగర మురుగునీటిలో కరోనా ఆనవాళ్లు కొలిచి, సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా వేశారు. పరీక్షల్లో తేలిన కేసులు అందులో చిన్న భాగమే. 2022లో లండన్, న్యూయార్క్ మురుగునీళ్లలో పోలియో వైరస్ దొరికింది. వైరస్ జన్యువుల చెట్టు, అంటే ఏ రకం దేనినుంచి పుట్టిందో చూపే పటం, చూడాలనుకునేవాళ్లకు ‘నెక్స్ట్‌స్ట్రెయిన్’ వెబ్‌సైట్ ఉంది. మొదట్లో కష్టంగా ఉంటుంది, తొందరేం లేదు.

లెక్కలు చదవడం

మరణాలను కేసులతో భాగించి ‘ఇంత శాతం చనిపోతున్నారు’ అనేయడం అందరూ చేసే పొరపాటు. జబ్బు నడుస్తుండగా ఈ రోజు లెక్కలో ఉన్నవాళ్లలో కొందరు ఇంకా ఆసుపత్రిలో ఉంటారు. 2014 సెప్టెంబరు మధ్యకు పశ్చిమ ఆఫ్రికా ఎబోలాలో 4,507 కేసులు, 2,296 మరణాలు. భాగిస్తే 51 శాతం. కోలుకున్నారో చనిపోయారో తేలినవాళ్లను మాత్రమే తీసుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం లెక్కిస్తే 70.8 శాతం వచ్చింది. తప్పు రెండోవైపు కూడా జరుగుతుంది: తీవ్రమైన రోగులను మాత్రమే పరీక్షిస్తే, తేలిగ్గా వచ్చిపోయినవాళ్లు లెక్కకు రాక శాతం పెరిగిపోతుంది.

రోజువారీ కేసుల గ్రాఫులో చివరి కొన్ని కమ్మీలు ఎప్పుడూ పొట్టిగా ఉంటాయి. జబ్బు తగ్గిందని సంబరపడకండి. ఆ రోజుల కాగితాలు ఇంకా చేరలేదంతే. చివరి రెండు వారాలను చేత్తో మూసి చూడటం నాకు అలవాటు.

పాంజీ: ఒక పేజీ నింపి చూద్దాం

కాంగోలో క్వాంగో రాష్ట్రం, పాంజీ ప్రాంతం. రాజధాని కిన్షాసా నుంచి రోడ్డు మీద సుమారు 48 గంటల ప్రయాణం. 2024 అక్టోబరు 24 నుంచి జ్వరం, దగ్గు, తలనొప్పి, నీరసం. ఎక్కువమంది అయిదేళ్ల లోపు పిల్లలు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు కబురు అందింది నవంబరు 29న. మొదటి రెండు గడులు నిండాయి, ఎడం అయిదు వారాలు.

డిసెంబరు మొదట్లో ‘డిసీజ్ ఎక్స్’ (ఇంకా ఎవరికీ తెలియని జబ్బుకు వాడే పేరు) అన్న పేరుతో వార్త లోకమంతా తిరిగింది. స్థానిక అధికారుల మాటగా 143 మంది చనిపోయారని ఒక లెక్క. డిసెంబరు 5న ఆరోగ్య మంత్రి 71 అన్నారు, 27 ఆసుపత్రుల్లో, 44 బయట. డిసెంబరు 8న ప్రపంచ ఆరోగ్య సంస్థ 406 కేసులు, 31 మరణాలు అంది. ఒకటి స్థానిక అధికారులు చెప్పింది, ఒకటి బయట పోయినవాళ్లనూ కలిపింది, ఒకటి కాగితం మీదికి ఎక్కినది. ఒకదాన్ని కొట్టేసి ఇంకొకటి రాయకుండా మూడూ రాయండి, తేదీతో సహా.

‘ఇంకా తేలనిది’ గడిలో ఆ వారం నేను రాసుకున్నది: జబ్బుపడినవాళ్లలో పెద్దవాళ్లు ఎందుకు తక్కువ? తీవ్రంగా ఉన్నవాళ్లంతా తిండి చాలక బక్కచిక్కినవాళ్లేనట, ఎందుకు? నమూనాలు ఎక్కడికి వెళ్లాయి? మూడోదానికి జవాబు బాధాకరం. అవి మొదట 500 కిలోమీటర్లకు పైగా ఉన్న కిక్విట్‌కు వెళ్లాల్సి వచ్చింది.

డిసెంబరు 10న తొలి 12 నమూనాల్లో పదింటిలో మలేరియా. డిసెంబరు 27న 891 కేసులు, 48 మరణాలు. మలేరియా, మామూలు శ్వాసకోశ వైరస్‌లు కలిసి, పోషణ లేని ఒంటి మీద పడ్డాయని నివేదిక. అప్పటికి టీవీలు పాంజీని మరిచిపోయాయి. మందు తెలిసిన జబ్బుతో 48 మంది చనిపోవడం, కొత్త వైరస్ కంటే చిన్న వార్త ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పంచుకునేటప్పుడు, ముగించేటప్పుడు

కుటుంబ వాట్సాప్ గ్రూపులో చెప్పాల్సి వస్తే తేదీ, చోటు, ఎవరు చెప్పారు, అనుమానితమా నిర్ధారితమా, ఈ నాలుగూ లేకుండా ఏదీ పంపకండి. ఊరి పేరు చెప్పండి, రోగి పేరు, ఇల్లు వద్దు. ప్రయాణం ఉన్నవాళ్లకు టీకా సంగతి ముందే చెప్పండి. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలనుంచి వచ్చేవాళ్ల దగ్గర టీకా ధ్రువపత్రం లేకపోతే మన దేశంలో క్వారంటైన్‌లో పెడతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు ఆ టీకా వేయించుకోవాలి.

పేజీ ఎప్పుడు మూయాలో కూడా లెక్క ఉంది. ఎబోలా, మార్బర్గ్ సోకాక బయటపడటానికి పట్టే గడువు ఎక్కువలో ఎక్కువ 21 రోజులు. చివరి రోగి తేరుకున్నాక దానికి రెట్టింపు, 42 రోజుల పాటు కొత్త కేసు లేకపోతేనే ముగిసిందంటారు. రువాండాలో మార్బర్గ్ 2024 సెప్టెంబరు 27న ప్రకటించారు. 66 మందికి సోకింది, 15 మంది చనిపోయారు. సోకినవాళ్లలో ఎక్కువమంది ఆసుపత్రి సిబ్బందే. నవంబరు రెండో వారంలో లెక్క మొదలైంది. నా పుస్తకంలో రోజుకొక గీత చొప్పున గీశాను. డిసెంబరు 20న నలభై రెండో గీత గీసి, ఆ పేజీ మూలన తేదీ రాశాను.